గోదావరి బ్రిడ్జి మేడమీద గదిలో పడుతుందా? మోడల్ రైళ్ళపై మీ ప్రశ్నలు

ప్రశ్న: మాది రాజమండ్రి. రైళ్ళంటే పిచ్చి ఉన్నవాళ్ళం పదిమందిమి కలిసి క్లబ్బు పెట్టుకున్నాం, అందులో ముగ్గురు రైల్వేలో రిటైరైన పెద్దవాళ్ళు. 20 అడుగులు బై 15 అడుగుల గది దొరికింది. హెచ్‌ఓ స్కేల్లో గోదావరి మీది మూడు బ్రిడ్జిలూ, 24 పెట్టెల కోరమాండలూ, వీలైతే అరకు సొరంగాలూ పెట్టాలని ప్లాన్. ఎక్కడ మొదలుపెట్టమంటారు సార్?

జవాబు: వడ్రంగిని పిలవకముందే అడిగారు, మంచి పని చేశారండీ. ముందు బండి పొడుగు తేల్చుకోండి, మిగతావన్నీ దాన్నిబట్టే తేలతాయి. హెచ్‌ఓ అంటే 87వ వంతు కదా, మన పాత ఐసీఎఫ్ పెట్టె (మద్రాసు పెరంబూరు ఫ్యాక్టరీ రకం) రెండు చివర్ల బఫర్లతో కలిపి 22 మీటర్ల పైచిలుకు, అంటే మోడల్లో పాతికన్నర సెంటీమీటర్లు. 24 పెట్టెలంటే ఇంజన్ లెక్కేయకుండానే ఆరు మీటర్లు దాటిపోతుంది, మీ గది పొడుగే ఆరు మీటర్లు. బండి నిలబడటానికే సరిపోతుంది, నడవడానికి చోటుండదు. 8 పెట్టెలు పెట్టుకోండి, డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్‌తో కలిపి రెండుంపావు మీటర్లు వస్తుంది, ఆ గదిలో కంటికి నిండుగా ఉంటుంది. స్టేషన్లో లూప్ లైను (బండిని పక్కకి తీసి ఆపే లైను) రెండున్నర మీటర్లకి తగ్గకుండా చూస్కోండి.

ఇక బ్రిడ్జి. మూడూ వద్దు, ఒకటే పెట్టండి, నన్నడిగితే మూడింట్లో అన్నిటికంటే పాతదైన హేవ్‌లాక్ పెట్టండి. అసలు బ్రిడ్జి 56 స్పాన్లు (స్తంభానికీ స్తంభానికీ మధ్య ముక్కలు), స్కేల్ ప్రకారం మొత్తం కడితే 31 మీటర్లు అవుతుంది, అది ఏ క్లబ్బు వల్లా కాదు. కానీ ఒక్కో స్పాన్ మోడల్లో 52 సెంటీమీటర్లే, అయిదు స్పాన్లు కడితే రెండు మీటర్ల అరవై, మీ 8 పెట్టెల బండి ఇంజన్‌తో సహా మొత్తం నీళ్ళ మీద ఉంటుంది! చూసేవాడికి కావాల్సింది ఆ దృశ్యమే, స్పాన్లు లెక్కపెట్టేవాడు ఎవడూ ఉండడు. 1997లో వచ్చిన ఆర్చ్ బ్రిడ్జి అయితే ఒక్క స్పానే మీటరు దాటుతుంది, రెండు పెట్టేసరికి గోడలో మూడో వంతు పైనే అయిపోతుంది. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, హేవ్‌లాక్ 1900 నుంచి 1997 దాకా బండ్లు నడిచిన బ్రిడ్జి, ఇప్పటి జర్మన్ డిజైన్ ఎల్‌హెచ్‌బీ పెట్టెలు మన దేశానికి వచ్చిందే 2000లో. కాబట్టి దాని మీద ఎర్ర ఐసీఎఫ్ పెట్టెలే నడపాలి, ఏ కాలమో ముందే ఖాయం చేసుకుంటే ఏవి కొనాలో ఏవి కొనక్కర్లేదో కూడా తేలిపోతుంది, డబ్బు మిగుల్తుంది.

గది మధ్యలో పెద్ద బల్ల వేయకండి. మనిషి చెయ్యి రెండున్నర అడుగులకి మించి అందదు, అవతల పెట్టె పడిపోతే బ్రిడ్జి మీద వాలి తీయాల్సొస్తుంది. గోడల వెంబడి రెండడుగుల వెడల్పు బల్ల తిప్పండి, గుమ్మం దగ్గర ఎత్తి తీసే ముక్క పెట్టండి. పొడుగు గోడకి బ్రిడ్జి, పక్క గోడకి గోదావరి స్టేషన్, ఎదురు గోడకి తెర వెనక నాలుగు లైన్లు, బండ్లు అక్కడ ఆగి వాటి టైముకి బయటికొస్తాయి. మూలల్లో వంపు పెట్టె పొడుగుకి మూడు రెట్ల రేడియస్ ఉండాలి, అంటే 77 సెంటీమీటర్లు, అంతకంటే బిగిస్తే పెట్టెల మూలలు ఒకదానికొకటి తగిలి పట్టాలు తప్పుతాయి. మూలల్లో మాత్రం బల్లని కాస్త ఐమూలగా వెడల్పు చేయక తప్పదు.

మీ పెద్దవాళ్ళు ట్రాక్ చూడగానే ఇరుగ్గా ఉందంటారు, వాళ్ళన్నది నిజమే. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు, 87తో భాగిస్తే 19 పైన రావాలి, కొట్లో దొరికే హెచ్‌ఓ ట్రాక్ విదేశీ 1435 గేజ్ లెక్కన 16.5 మాత్రమే ఉంటుంది. కొత్త క్లబ్బు సొంతంగా పట్టాలు చేసుకునే పని పెట్టుకోవద్దు, రెడీమేడ్ ట్రాక్‌తోనే వెళ్ళండి. ఆ ముగ్గురికీ ఇంకా విలువైన పనుంది, పాత స్టేషన్లో ఏ లైన్లోకి ఏ బండి తీసుకునేవారో, బండి పంపడానికి పక్క స్టేషన్ని అనుమతి (లైన్ క్లియర్) ఎలా అడిగేవారో, గూడ్సుని ఎక్కడ ఆపి ఎక్స్‌ప్రెస్‌కి దారిచ్చేవారో వాళ్ళని కూర్చోబెట్టి గీయించుకోండి. లేఅవుట్‌కి అదే ప్రాణం, అది పుస్తకాల్లో దొరకదు.

అరకు ఇప్పుడు వద్దు, దానికి లైను కొండెక్కాలి. ఒక లైను ఇంకో లైను మీదుగా దాటాలంటే 8 సెంటీమీటర్లు ఎక్కాలి, నూటికి రెండు వాలుతో ఎక్కినా నాలుగు మీటర్లు పోతుంది, మీ గదిలో అంత జాగా లేదు.

ప్రశ్న: మాది ఖమ్మం. డీసీసీ (పట్టాల ద్వారానే ఒక్కో ఇంజన్‌కీ విడిగా ఆదేశాలు పంపే డిజిటల్ కంట్రోల్) పెట్టాం. కంట్రోలర్ దగ్గర ఇంజన్ బాగా పోతుంది, అవతలి చివరికి పోయేసరికి నీరసపడి ఆగిపోతుంది. ఇంజన్ పాడైందా?

జవాబు: ఇంజన్ బాగానే ఉందండీ, కరెంటు అందట్లేదు. పట్టాని పట్టాని కలిపే జాయినర్లని నమ్మకూడదు, కొన్నాళ్ళకి వదులైపోతాయి, నల్లబడతాయి. బల్ల కింద ఇంటి వైరింగుకి వాడే 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు ఎరుపొకటి నలుపొకటి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా లాగండి, ప్రతి మీటరుకీ అందులోంచి సన్న వైరు తీసి పట్టాకి పక్కనుంచి సోల్డర్ చేయండి. అయ్యాక అయిదు రూపాయల బిళ్ళ తీసుకుని రెండు పట్టాల మీద అడ్డంగా పెట్టండి, బూస్టర్ (పట్టాలకి కరెంటిచ్చే పెట్టె) ఠక్కున ట్రిప్ అవ్వాలి. అడుగు అడుగుకీ పెట్టి చూడండి, ఎక్కడ ట్రిప్ కాలేదో అక్కడ వైరింగు బలహీనంగా ఉన్నట్టు, ఆ చోటే ఇంకో వైరు దించండి. ట్రిప్ కాకుండా బిళ్ళ వేడెక్కుతుంటే వెంటనే తీసేయండి, అలాంటి చోట నిజంగా షార్ట్ అయితే ఇంజన్లో ఆదేశాలు అందుకునే చిప్పు, డీకోడర్, కాలిపోతుంది.

ప్రశ్న: మా క్లబ్బులో పని మొదలై రెండేళ్ళయింది, ఇంకా కొండలూ చెట్లూ చేస్తూనే ఉన్నాం, సభ్యులు రావడం తగ్గించేశారు. ఏం చేయాలి?

జవాబు: కొండలు ఆపేయండి, బండి నడపండి. ఉత్త ప్లైవుడ్ మీద ఒక్క రౌండు పూర్తిచేసి ప్రతి ఆదివారం నడపండి, రైలు తిరుగుతుంటే జనం వస్తారు. లేఅవుట్ పూర్తవడం అనేది ఎలాగూ ఉండదు, 1910లో పుట్టిన లండన్ క్లబ్బు వాళ్ళు 1980ల్లో మొదలుపెట్టిన కోపెన్‌హేగెన్ ఫీల్డ్స్ అనే లేఅవుట్‌ని దశాబ్దాల పాటు కడుతూనే వచ్చారు, కానీ అది నడుస్తూ పెరిగింది.

ఊరికే చూస్తూ కూర్చున్న కుర్రాళ్ళకి కంకర పని ఇవ్వండి, త్వరగా వస్తుంది, ఫలితం కంటికి కనిపిస్తుంది. జల్లించిన సన్న కంకర స్లీపర్ల మధ్య పోసి మెత్తని బ్రష్‌తో సర్ది, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క కలిపిన నీళ్ళు స్ప్రే చేయాలి, తర్వాత ఫెవికాల్‌లో రెండింతలు నీళ్ళు కలిపి డ్రాపర్‌తో పోస్తే దానంతటదే లోపలికి ఇంకుతుంది. సబ్బు చుక్క వేయకపోతే జిగురు ముద్దకట్టి కంకర మీదే ఉండిపోతుంది. పాయింట్ల (బండి లైను మారే చోటు) టంగ్ రైల్, అంటే కదిలే పట్టా, దగ్గర మాత్రం కుర్రాళ్ళ చేత చేయించకండి, అక్కడ ఒక్క చుక్క జిగురు జారినా పాయింటు బిగుసుకుపోతుంది, ఆ నాలుగంగుళాలు చెయ్యి తిరిగినవాళ్ళు పుల్లతో అద్దాలి.