కీమో మధ్యలో ఎకో స్ట్రెయిన్ తగ్గింది, కంప్యూటర్ వేసిన ఆ లెక్కను నమ్మొచ్చా?

రొమ్ము క్యాన్సర్‌కి కీమో నడుస్తున్న మీ అమ్మగారి ఎకోలో (గుండె స్కాన్‌లో) ఇ.ఎఫ్., అంటే గుండె రక్తాన్ని బయటికి పంపే శాతం, 60 ఉంది, స్ట్రెయిన్, అంటే గుండె గోడ ఎంత శాతం పొట్టిబడుతోందో చెప్పే అంకె, మాత్రం మైనస్ 20 నుంచి మైనస్ 16కి వచ్చింది, మిషన్ వేసిన లెక్కకి భయపడాలా అని అడిగారు. నేను పదమూడేళ్లుగా ఎకో టెక్నీషియన్‌ని. కంగారు పడకండి, అలాగని ఆ అంకెను వదిలెయ్యొద్దండి.

ఎకోలో గుండె గోడ ఇసుక చల్లినట్టు చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. ఆ చుక్కల అమరిక వేలిముద్రలాంటిది, ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట ఉండదు. సెకనుకి 40 నుంచి 80 ఫ్రేములు తీస్తే, కంప్యూటర్ ఒక్కో గుంపునీ పట్టుకుని అది ఎటు జరిగిందో ఫ్రేము ఫ్రేముకీ వెతుకుతుంది. దీన్నే స్పెకిల్ ట్రాకింగ్ అంటాం. 10 సెంటీమీటర్ల గోడ గుండె ముడుచుకున్నప్పుడు 8 అయితే స్ట్రెయిన్ మైనస్ 20. మైనస్ అంటే పొట్టిబడిందని అర్థం, చెడ్డదని కాదు. ఇ.ఎఫ్. మాత్రం గుండె గదిలోని రక్తంలో ఎంత శాతం బయటికి పోయిందో చెబుతుంది. కొన్ని కీమో మందులతో గుండె కండరం నీరసించడం మొదలైనా ఇ.ఎఫ్. కొన్నాళ్లు మామూలుగానే ఉండొచ్చు, అందుకే కీమోలో స్ట్రెయిన్ కూడా చూస్తారు. మొదటి అంకె మీద 15 శాతానికి మించి తగ్గితే డాక్టర్లు గట్టిగా పట్టించుకుంటారు. మీ అమ్మగారిది 20 శాతం తగ్గింది.

కానీ బొమ్మ బాగుంటేనే ఆ లెక్కకి విలువ. ఎడమవైపు ఆపరేషన్ అయిన ఒకావిడకి ప్రోబ్ (ఛాతీ మీద ఆనించే స్కాన్ పరికరం) కాస్త నొక్కినా నొప్పి. స్ట్రెయిన్ మైనస్ 14 వచ్చింది. వీడియో మళ్లీ వేసి చూస్తే ముందు గోడ కదులుతోంది, కంప్యూటర్ గీసిన గీత మాత్రం అక్కడే ఆగిపోయింది. ఊపిరితిత్తి అడ్డొచ్చి ఆ భాగం మసకగా పడింది. ఆవిడని ఇంకాస్త ఎడమకి తిప్పి, ఊపిరి వదిలి బిగపట్టమని మళ్లీ తీశాను. మైనస్ 18. ఆ రోజు రద్దీలో మొదటి అంకెనే పంపేసి ఉంటే ఆవిడ కీమో ఆగిపోయేదేమో. తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు 2020లో ఎకో వీడియో చూసి ఇ.ఎఫ్. తనే చెప్పే ప్రోగ్రామ్ తెచ్చారు, 10,030 వీడియోలు అందరికీ ఇచ్చారు. వాళ్ల పరీక్షలో మనుషులు వేసిన లెక్కకీ దాని లెక్కకీ సగటు తేడా దాదాపు 4 పాయింట్లే. మనుషులం ఇద్దరం చూసినా అంత తేడా వస్తుంది, కాబట్టి నాకది చాలా గొప్పగా అనిపించింది. అయినా ప్రోబ్ సరిగ్గా పెట్టాల్సింది మన చెయ్యే.

మీరు చెయ్యాల్సింది: రెండు ఎకోలూ ఒకే కంపెనీ మిషన్ మీద తీశారా అని అడగండి. కంపెనీ మారితే అంకె ఒకట్రెండు పాయింట్లు అటూ ఇటూ అవుతుంది. ఆ రోజు బీపీ ఎంతుందో రాయించుకోండి, బీపీ పెరిగినా స్ట్రెయిన్ తగ్గుతుంది. అనుమానముంటే అదే మిషన్ మీద మళ్లీ తీయించి, పాత వీడియో సీడీతో సహా క్యాన్సర్ డాక్టర్‌కీ గుండె డాక్టర్‌కీ ఇద్దరికీ చూపించండి. అప్పటిదాకా కీమో మీ అంతట మీరు ఆపొద్దు.