ముందు ‘ఎక్కడ, ఎప్పుడు, దేనితో’ అని అడుగు

అమ్మాయీ,

కుర్రాళ్ల కొట్లాటలు తగ్గించే పని నీకు అప్పగించారని తెలిసింది. రేపటి నుంచి అందరూ వచ్చి పేర్లే చెబుతారు. ఫలానా వాడు రౌడీ, ఫలానా గ్యాంగ్‌ని లోపలేస్తే సరి అంటారు. అన్నీ విను, ఏదీ రాసుకోకు. నువ్వు ముందు తెలుసుకోవాల్సింది దెబ్బలాట ఎక్కడ జరిగింది, ఎన్ని గంటలకు, దేనితో కొట్టారు అన్న మూడు సంగతులే.

అవి పోలీస్ స్టేషన్ కన్నా ఎమర్జెన్సీ వార్డులో బాగా దొరుకుతాయి. బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో ముఖానికి ఆపరేషన్లు చేసే జోనథన్ షెపర్డ్ అనే డాక్టరు, దెబ్బలతో వచ్చిన కేసుల్లో చాలా భాగం పోలీసుల దాకా వెళ్లనే లేదని గమనించాడు. దాంతో రిసెప్షన్‌లోనే ఆ వివరాలు అడిగి, పేర్లు తీసేసి, పోలీసులకూ నగర పాలకులకూ ఇవ్వడం మొదలైంది. గస్తీ ఏ వీధిలో, ఏ బార్ దగ్గర పెట్టాలో తేలింది. 2011లో అచ్చయిన అధ్యయనం ప్రకారం, అలాంటి ఇతర నగరాలతో పోలిస్తే అక్కడ దెబ్బలతో ఆస్పత్రిలో చేరేవాళ్లు 42 శాతం తగ్గారు.

పేర్లు తీసేసే విషయంలో మాత్రం ఎవరెంత ఒత్తిడి చేసినా తగ్గకు. చట్టప్రకారం పోలీసులకు చెప్పాల్సిన కేసులు ఎలాగూ తమ దారిలో వెళ్తాయి. నీ లెక్కల వల్ల ఎవరో పట్టుబడ్డారన్న మాట ఒక్కసారి బయటికి పొక్కిందా, కుర్రాళ్లు గాయానికి గుడ్డ చుట్టుకుని ఇంట్లోనే పడుంటారు. వైద్యమూ అందదు, లెక్కా తప్పుతుంది.

లెక్క తేలితే చేయాల్సింది చాలాసార్లు దానంతటదే కనిపిస్తుంది. కొలంబియాలోని కాలీ నగరానికి 1992లో మేయరైన రోడ్రిగో గెరెరో స్వయానా అంటువ్యాధుల నిపుణుడు. హత్యలు వారాంతాల్లో, జీతాల రోజుల్లో ఎక్కువని చూసి, ఆ రోజుల్లో తుపాకులు పట్టుకు తిరగడాన్ని నిషేధించాడు, రాత్రిపూట మద్యం అమ్మకాలకు కళ్లెం వేశాడు.

దెబ్బ తిన్నవాడి మంచం చుట్టూ చేరిన స్నేహితుల మీద కూడా కన్నేసి ఉంచు. తర్వాతి గొడవకు ప్లాన్ వేసేది అక్కడే. ఒకప్పుడు ఆ గొడవల్లోనే తిరిగి బయటపడిన వాళ్లను అలాంటి కుర్రాళ్లతో మాట్లాడటానికి పంపే పద్ధతి చికాగోలో మొదలైంది. ఫలితాలు అన్నిచోట్లా ఒకేలా రాలేదు. ఎవర్ని పంపుతున్నామన్నదే అసలు కిటుకని నా అభిప్రాయం.

పై అధికారులకు తెగ నచ్చే ఐడియా ఒకటుంది. పిల్లల్ని జైలుకు తీసుకెళ్లి, ఖైదీలతో బెదిరించడం. ఫొటోలు భలే వస్తాయి. పరీక్షించి చూసినప్పుడు మాత్రం, అలా వెళ్లొచ్చిన పిల్లలే తర్వాత ఎక్కువ నేరాలు చేశారని తేలింది. దీనికి సంతకం పెట్టకు. ఆ డబ్బుతో, కోపం వచ్చిన క్షణంలో ఒక్క నిమిషం ఆగడం నేర్పే చిన్న గ్రూపులు బడుల్లో పెట్టించు.

తొలికాన్పు తల్లుల ఇళ్లకు నర్సులు వెళ్లే కార్యక్రమాన్నీ వదలకు. అమెరికాలోని ఎల్మైరాలో ఆ బిడ్డలకు 15 ఏళ్లు వచ్చేసరికి అరెస్టులు తక్కువగా కనిపించాయి. అప్పటికి నీకు ఎన్ని ట్రాన్స్‌ఫర్లు అవుతాయో! పేరు ఇంకెవరికో వస్తుంది, రానీ.

ముందు ఒక శనివారం రాత్రి ఎమర్జెన్సీ రిసెప్షన్ దగ్గర కూర్చో. అక్కడి రద్దీ చూశాకే ఫారం తయారు చెయ్. ప్రశ్నలు నాలుగైదు దాటితే ఎవ్వరూ నింపరు.