కళింగపట్నం దగ్గర సాయంత్రం పూట కుట్టే సన్న పురుగులు: దోమల మెష్ ఎందుకు ఆపలేదు, ఏం చేస్తే తగ్గుతాయి

కళింగపట్నం దగ్గర కొత్త ఇల్లు కట్టామని, కిటికీలన్నిటికీ దోమల మెష్ వేయించినా సాయంత్రం వసారాలో కూర్చుంటే కంటికి ఆనని పురుగులేవో కాళ్లను కుడుతున్నాయని, దురదతో పిల్లలకు నిద్ర ఉండట్లేదని రాశారు. మాది భావనపాడు వైపు. ఇంటికి దగ్గర్లోనే ఉప్పుటేరు. ఈ బాధ మా ఇంటిల్లిపాదికీ తెలుసు. మీరు చెప్పినదాన్ని బట్టి అవి దోమలు కావండి, నుసుములు. శాస్త్రవేత్తలు క్యూలికాయిడిస్ అంటారు.

ముందు అవేనని తేల్చుకోండి. పొద్దుగూకే వేళ వసారా లైటు కింద తెల్ల పళ్లెంలో నీళ్లు పోసి, రెండు చుక్కల షాంపూ కలిపి పెట్టండి. పొద్దున్నే అందులో పడినవాటిని ఫోన్ కెమెరాతో జూమ్ చేసి చూడండి. నుసుము పొడవు 1 నుంచి 3 మిల్లీమీటర్లు. రెక్కల మీద మచ్చలుంటాయి, వాలినప్పుడు రెక్కలు ఒకదాని మీద ఒకటి వీపుకు అంటుకుని ఉంటాయి. రెక్కలు పైకి లేచి, ఒళ్లంతా నూగుతో ఉంటే అది ఇసుక ఈగ. పేరు అలా ఉన్నా దానికీ సముద్రపు ఇసుకకూ సంబంధం లేదు, గోడల పగుళ్లలో, పశువుల శాలల్లో ఉంటుంది. పక్క మీద పడుకున్నప్పుడే కుడుతుంటే, అదీ వరసగా దద్దుర్లు వస్తుంటే మాత్రం నల్లుల కోసం మంచం వెతకండి.

మామూలు దోమల మెష్ కన్నుల్లోంచి నుసుము సులువుగా దూరిపోతుంది. అంగుళానికి 30 కన్నులున్న సన్న మెష్ అయితే ఆగుతుంది. కానీ దానితో గాలి బాగా తగ్గిపోతుంది, మన ఉక్కపోతకు ఇల్లంతా వేయిస్తే ఉండలేం. మేం పిల్లలు పడుకునే గదికి మాత్రమే వేయించాం.

అన్నిటికంటే బాగా పనిచేసింది ఫ్యాన్. నుసుములకు గాలి పడదు, కాస్త గట్టిగా వీస్తే ఎగరలేవు. మన తీరంలో పగలు సముద్రం మీంచి గాలి కొడుతుంది. చీకటి పడే వేళకు ఆ గాలి పడిపోతుంది, నేల మీంచి వీచే గాలి ఇంకా మొదలవదు. ఆ మధ్యలో ఆకు కూడా కదలదు. సరిగ్గా అప్పుడే ఇవి మీద పడతాయి. మళ్లీ తెల్లవారుజామున అంతే. అందుకే పైన తిరిగే సీలింగ్ ఫ్యాన్ ఒక్కటే చాలదు, కాళ్లకు గాలి తగిలేలా కింద ఒక టేబుల్ ఫ్యాన్ పెట్టండి. మన ఊపిరి వాసన పట్టుకునే ఇవి వెతుక్కుంటూ వస్తాయి, గాలికి అదీ చెదిరిపోతుంది. ఆ గంటసేపు బయటి లైటు ఆర్పేసి, పిల్లలకు పొడుగు ప్యాంట్లు వేయండి.

ఇక ఇవి పుట్టే చోటు. రక్తం తాగేది ఆడవే, గుడ్ల కోసం. ఆ గుడ్లు ఎక్కువగా తడి బురదలో, అందులోనూ పేడ, కుళ్లిన ఆకు కలిసిన బురదలో పెడతాయి. అందుకే డ్రమ్ములు, తొట్లు ఎన్ని బోర్లించినా ఇవి తగ్గవు. మా పెరట్లో రెండు చోట్ల కనిపించాయి: స్నానాల నీళ్లు పారే కొబ్బరి మొదళ్ల దగ్గర, పశువుల శాల వెనక మూత్రం, కడిగిన పేడనీళ్లు ఇంకే పల్లంలో. 2018లో తిత్లీ తుఫాను తర్వాత కాలువ పూడిపోయి ఆ పల్లం ఎప్పుడూ తడిగానే ఉండేది. కాలువ తవ్వించి, పల్లంలో ఇసుక, రాళ్లపొడి పోయించి, పెంటకుప్పను ఇంటికి దూరంగా మార్చాం. స్నానాల నీళ్లకు ఇంకుడు గుంత తవ్వాం. వెంటనే తేడా కనపడలేదు. బురదలో ఉన్న పురుగులు రెక్కలొచ్చి వెళ్లిపోవడానికి వారాలు పడుతుంది కదా. ఆ తర్వాత బాగా తగ్గాయి.

ఉప్పుటేటి గట్టు బురదను మాత్రం మనమేం చేయలేం, చేయకూడదు కూడా. అక్కడ మందు కొడితే రొయ్య పిల్లలు, చేప పిల్లలు చస్తాయి. మడచెట్లు నరికినా లాభం లేదు. ఫాగింగ్ పొగ ఆ కాసేపు ఎగురుతున్నవాటినే చంపుతుంది, మర్నాడు బురదలోంచి కొత్తవి లేస్తాయి. దానికి డబ్బు పెట్టకండి. వేపాకు పొగకు కాస్త తగ్గుతాయి కానీ పిల్లలున్న ఇంట్లో రోజూ పొగ వద్దు.

కుట్టిన చోట చల్లటి నీళ్లతో కడిగి కాలమైన్ లోషన్ రాయండి. పిల్లల గోళ్లు కత్తిరించండి, గోకితే పుండ్లు పడి చీము పడుతుంది. వాపు పాకినా, జ్వరం వచ్చినా డాక్టరుకు చూపించండి. సాయంత్రం బయటికెళ్తే డీట్ (పురుగుల్ని దగ్గరికి రానివ్వని మందు) ఉన్న క్రీము రాసుకోవచ్చు, పిల్లలకు ఏ వయసు నుంచి రాయొచ్చో డబ్బా మీద చూసి.

మీ ఇంట్లో గానీ పక్కన గానీ గొర్రెలుంటే ఒక జాగ్రత్త. వాటికి నీలినాలుక వ్యాధిని అంటించేవి ఈ నుసుములే. వానలు పడ్డాక మూతి వాచి, నోట్లో పుండ్లు పడి, గొర్రెలు కుంటుతుంటే వెంటనే పశువుల డాక్టరుకు చెప్పండి. దానికి టీకా ఉంది. ఆ జబ్బు మనుషులకు రాదు.

మీ ఇంటి చుట్టూ తడి ఏ నెల దాకా ఆరదో, పశువుల్ని ఏ పక్కన కడతారో రాయండి. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్తాను.