నల్ల ఉన్ని కావాలంటే పొట్టేలు దగ్గరే జాగ్రత్తపడాలి

ప్రశ్న: గొంగళ్ల ఉన్ని కోసం నల్ల గొర్రెలను, అంటే దక్కనీ జాతిని, మేపుతున్నాం. పిల్లలు బరువొస్తాయని తెల్లటి నెల్లూరు పల్ల పొట్టేలును మందలో వదిలాం. పద్నాలుగు గొర్రెలు ఈనితే ఒక్క నల్ల పిల్లా లేదు. ఉన్ని కూడా పలచబడింది. ఆడపిల్లలను అమ్మేయాలా?
– ఒక పెంపకందారు, సిద్దిపేట జిల్లా

జవాబు: అమ్మకండి. రంగు ఎక్కడికీ పోలేదు. మీ మందలో తెలుపు నలుపును కప్పేస్తోందని ఈ ఈత చెబుతోంది. తల్లులు నల్లవి కాబట్టి ప్రతి పిల్లలోనూ నలుపు ఒక పాలు దాగి ఉంటుంది. వాటిని మేలైన నల్ల దక్కనీ పొట్టేలుతో దాటిస్తే పుట్టేవాటిలో సుమారు సగం నల్లవే. ఆ నల్లవాటిని మళ్లీ నల్ల పొట్టేలుకే దాటిస్తే తెల్ల పిల్ల పుట్టదు.

చిక్కంతా ఉన్నితోనే. నెల్లూరు జాతికి ఉన్ని ఉండదు, వెంట్రుకలే. రంగును ఒకటి రెండు జన్యువులు నడిపిస్తే, ఉన్ని ఒత్తును చాలా జన్యువులు కలిసి నిర్ణయిస్తాయి. అందుకే రంగు ఒక్క తరంలో తిరిగొచ్చినా ఉన్ని రాదు. సంకర ఆడపిల్లలకు వరసగా మూడు తరాలు అసలు దక్కనీ పొట్టేలునే వాడితే దక్కనీ పాలు ముప్పావు, ఆపై 8లో 7 వంతులు, చివరికి 16లో 15 వంతులకు చేరుతుంది. అయిదారేళ్ల పని. ఈలోగా సంకర మగపిల్ల ఎంత నల్లగా ఉన్నా విత్తనానికి ఉంచకండి, విత్తు కొట్టించి మాంసానికి పెంచండి. విత్తనపు పొట్టేలునూ రెండేళ్లకోసారి మార్చాలి, లేకుంటే తన కూతుళ్లనే దాటుతుంది.

పొట్టేలును సంతలో దూరం నుంచి చూసి కొనకండి. భుజం, డొక్క, తొడ మూడుచోట్లా ఉన్ని విడదీసి చర్మం దాకా చూడండి. తొడ దగ్గర ఉన్ని బదులు బిరుసు వెంట్రుకలే కనిపిస్తే వదిలేయండి.

ప్రశ్న: పుట్టినప్పుడు కాటుకలా ఉన్న పిల్లలు ఏడాదికల్లా ఎర్రబారుతున్నాయి. కొన్ని బూడిదరంగుకు తిరుగుతున్నాయి. మేతలో లోపమా?
– ఒక పాఠకురాలు, నారాయణపేట జిల్లా

జవాబు: కొసలు మాత్రమే ఎర్రబడి మొదలు నల్లగా ఉంటే అది ఎండ ప్రభావం. కత్తిరిస్తే కొత్త ఉన్ని నల్లగానే వస్తుంది. ఉన్ని మొదళ్లలోనే తెల్ల పోగులు కలిసి ఉంటే అది వంశంలోది, మందుతో మారదు. అలాంటి పిల్లలకు చాలాసార్లు పుట్టినప్పుడే చెవుల లోపల, మూతి చుట్టూ తెల్ల వెంట్రుకలు కనిపిస్తాయి. ఈనిన రోజే చూసి చెవికి గుర్తు వేయండి.

పోగు పొడవునా నలుపు, వెలిసిన పట్టీ, మళ్లీ నలుపు వస్తుంటే, ఉన్ని వంపులు పోయి తీగలా సాగుతుంటే రాగి లోపాన్ని అనుమానించాలి. ఇక్కడే చాలామంది ఆవులు, గేదెల ఖనిజ మిశ్రమం తెచ్చి పెడతారు. అది ప్రమాదం. గొర్రెకు రాగి కాలేయంలో పేరుకుపోతుంది. కొన్నాళ్లకు ఒక్కసారిగా రక్తంలోకి వచ్చి కామెర్లు, ముదురు ఎరుపు మూత్రం, ఆపై చావు. రక్త పరీక్ష చేయించాకే, పశువైద్యుడు చెప్పిన మోతాదులోనే ఇవ్వండి.

ప్రశ్న: ఇక్కడ కొన్ని షెట్లాండ్ గొర్రెలు పెంచుతున్నాను. నల్ల జంటకు గోధుమరంగు పిల్ల పుట్టింది. ఆ రంగే కావాలంటే?
– ఒక తెలుగు పాఠకుడు, స్కాట్లాండ్

జవాబు: అక్కడ ‘మూరిట్’ అనే రంగు అదే. నలుపు కింద దాగుతుంది, తల్లీతండ్రీ ఇద్దరూ మోస్తేనే బయటపడుతుంది. మూరిట్‌ను మూరిట్‌తో దాటిస్తే నల్లది పుట్టదు. మరో నల్ల పొట్టేలులో అది దాగి ఉందో లేదో తెలియాలంటే మూరిట్ గొర్రెలతో దాటించండి. ఒక్క మూరిట్ పిల్ల పుట్టినా ఉన్నట్టే. వరసగా ఏడూ నల్లవే పుడితే లేనట్టే అనుకోవచ్చు, అది దాగి ఉన్న పొట్టేలుకు ఇలా జరగడం 128లో ఒకసారే. సొంత కూతుళ్లతో ఇదే పరీక్ష చేస్తే అంత నమ్మకం కూడా లేకుండానే ఇరవైకి పైగా పిల్లలు కావాలి, పైగా రక్తసంబంధపు లోపాలు తోడవుతాయి. తెల్ల షెట్లాండ్‌తో మాత్రం ఈ పరీక్ష పెట్టకండి, ఆ తెలుపు కింద నల్లదా మూరిట్టా కనిపించదు.