బామ్మర్ది కొత్త కారు, మన తొమ్మిదేళ్ల కారు: కావలి మాస్టారికి జవాబు

ప్రశ్న: మాది కావలి. హైస్కూల్లో టీచర్ని. 2016లో కొన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ ఉంది, 82 వేల కిలోమీటర్లు తిరిగింది, లోన్ ఎప్పుడో తీరిపోయింది. ఏనాడూ నడిరోడ్డు మీద ఆగలేదు. కానీ పోయినేడు దాని మీద 38 వేలు అయింది (బిల్లులు జత చేశాను). మా బామ్మర్ది కొత్త ఎస్‌యూవీ తీసుకున్నప్పటి నుంచి ఇంట్లో రోజూ ఇదే మాట. షోరూం వాళ్లు పాతదానికి రెండున్నర లక్షలు ఇస్తామంటున్నారు, కొత్తది ఆన్‌రోడ్ పదకొండున్నర. చేతి డబ్బు లక్ష వేసి, 8 లక్షలకు 9 శాతం వడ్డీతో ఏడేళ్ల లోన్ పెడదామనుకుంటున్నా. పాప ఇంటర్ మొదటి సంవత్సరం, బాబు ఎనిమిదో తరగతి. మార్చమంటారా?

జవాబు: మాస్టారూ, బామ్మర్ది గారి సంగతి ముందు పక్కన పెట్టండి. ఆయన కారే మీకు కనిపిస్తోంది, ఆయన ఈఎంఐ కనిపించడం లేదు.

మీ బిల్లులు చూశాను. 38 వేలలో 17 వేలు నాలుగు టైర్లకు, 5 వేలు బ్యాటరీకి పోయాయి. అవి రిపేర్లు కావండీ, కొత్త కారుకైనా నాలుగైదేళ్లకు తప్పని ఖర్చు. మీ కారుకు మళ్లీ ఇప్పట్లో ఆ ఖర్చు రాదు. మిగిలిన 16 వేలలో సర్వీసింగు, లోయర్ ఆర్మ్ బుష్‌లు (ముందు చక్రాల దగ్గరుండే రబ్బర్లు), ఏసీ గ్యాస్. తొమ్మిదేళ్ల బండికి ఇది ఎక్కువేం కాదు.

ఇప్పుడు అటువైపు లెక్క. మీరు చెప్పిన లోన్‌కు ఈఎంఐ దాదాపు 12,870. ఏడేళ్లలో కట్టే వడ్డీ 2 లక్షల 81 వేలు, అందులో మొదటి ఏడాది వడ్డీయే 68 వేల పైచిలుకు. అంటే 38 వేలు భారమైందని, దాని నుంచి తప్పించుకోవడానికి మొదటి ఏడాదే 68 వేలు వడ్డీ కట్టడానికి సిద్ధపడుతున్నారు, పైగా ఆ కొత్త బండి సర్వీసింగు, ఇన్సూరెన్సు వేరే. ఇన్సూరెన్సు వాళ్ల లెక్కలో కొత్త కారు విలువ మొదటి ఆరు నెలలు దాటగానే 15 శాతం, రెండేళ్లు దాటితే 30 శాతం తగ్గుతుంది. అదీ లైఫ్ ట్యాక్స్ కలపని ధర మీద. మీ పాతదానికి పడాల్సిన దెబ్బ ఎప్పుడో పడిపోయింది, ఇంకో మూడేళ్లు వాడినా పోయేది కొంచెమే.

దీనికన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది పాప వయసు. రెండేళ్లలో ఇంటర్ అయిపోతుంది, ఇంజనీరింగో ఇంకోటో, ఫీజు, హాస్టలు. ఆ తర్వాత మూడేళ్లకు బాబు అందుకుంటాడు. మీ ఏడేళ్ల ఈఎంఐ సరిగ్గా ఈ రెండింటి మీదుగా నడుస్తుంది. కారు ఇచ్చే సంతోషం గురించి చాలామంది క్లయింట్లను చూసి చెబుతున్నా, కొత్త వాసన ఆరు నెలల్లో పోతుంది, ఐదో తారీఖున కట్ అయ్యే డబ్బు మాత్రం ప్రతి నెలా గుర్తు చేస్తుంది. తమ కారు గురించి పదేళ్ల తర్వాత కూడా మంచిగా మాట్లాడేవాళ్లు ఎక్కువగా లోన్ తీరాక కూడా దాన్ని బాగా వాడుకున్నవాళ్లే, మీలాగే.

అలాగని గుడ్డిగా ఉంచుకోమని చెప్పను. రెండు విషయాలు చూడండి.

ఒకటి తుప్పు. మీకు సముద్రం దగ్గర, ఉప్పుగాలి పైన పెయింటుకన్నా కింద రేకును ముందు తింటుంది. మీకు నమ్మకమున్న మెకానిక్ దగ్గర బండిని లిఫ్ట్ మీదకు ఎక్కించి, జాకీ ఆనించే అంచులు, డ్రైవరు కాళ్ల కింద ఫ్లోరు, వెనక స్ప్రింగులు కూర్చునే చోటు చూపించమనండి. స్క్రూడ్రైవర్ మొనతో పొడిస్తే ఖంగుమనాలి, మెత్తగా దిగబడిందంటే ఇక డబ్బు పెట్టొద్దు. నల్లటి అండర్‌కోటింగ్ పూసి ఉంటే దాని కింద కూడా గీకి చూడమనండి. అదే చేత్తో పెట్రోల్ పైపులు, రబ్బర్లు కూడా. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, మీ బండి అలాంటి పెట్రోలుకు చేసింది కాదు.

రెండోది ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోయి బండి జారకుండా చూసే ఏర్పాటు). ఈ రెండూ లేని బండి అయితే మార్చాలన్న మీ ఇంట్లో వాళ్ల మాటే రైటు, నా లెక్కలన్నీ పక్కన పెట్టండి. మనకు నెల్లూరు వెళ్లాలన్నా ఒంగోలు వెళ్లాలన్నా హైవే ఎక్కాల్సిందే, నలుగురూ అందులోనే. మన దేశంలో డ్రైవరు ఎయిర్‌బ్యాగు, ఏబీఎస్ తప్పనిసరి అయింది 2019లో. అంతకుముందు వచ్చిన తక్కువ వేరియంట్లలో చాలావాటికి అవి లేవు. మీదే వేరియంటో రాయలేదు, ఆర్సీ తీసి చూడండి. లేకపోతే మార్చండి, కానీ పదకొండున్నర లక్షలది అక్కర్లేదు, ఏడు లక్షల్లో అవి ఉన్నవి వస్తాయి, లోన్ మూడేళ్లలో తీరిపోతుంది.

రెండు పరీక్షల్లోనూ పాసైతే ఇలా చేయండి. ఓ 40 వేలు దాని మీద మనసారా ఖర్చు పెట్టండి: సీట్లు కొత్తగా కుట్టించండి, ఏసీ కూలింగ్ కాయిల్ మార్పించండి, పాలిష్ పట్టించండి. ఇంట్లో వాళ్ల విసుగు సగం అక్కడే పోతుంది, మే నెలలో కావలి ఎండకు ఏసీ చల్లగా వస్తే ఎవరూ బామ్మర్ది కారు ఊసెత్తరు. అనుకున్న ఈఎంఐలో నెలకు 10 వేలు బ్యాంకులో మూడేళ్ల ఆర్డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) కట్టండి, మూడేళ్లకు నాలుగు లక్షలకు దగ్గరగా చేతికి వస్తుంది. ఆ 10 వేలు ఆరు నెలలు కట్టడం కష్టమనిపించిందంటే, 12,870 గురించి జవాబు మీకే దొరికినట్టు.

షోరూంలో జీఎస్టీ తగ్గింది, ఇప్పుడే కొనండి అని తొందర పెడతారు. చిన్న కార్లకు 18 శాతం అయింది 2025 సెప్టెంబర్ 22 నుంచి. అది పండగ ఆఫర్ కాదు, వారం ఆగితే పోదు.

ఇన్సూరెన్స్ మాత్రం పాత బండి కదా అని థర్డ్ పార్టీకి (అవతలి వాళ్ల నష్టానికి తప్ప మన బండికి పైసా రాని పాలసీకి) దించకండి. తుపాను వస్తే మన జిల్లాలో నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో మీకు చెప్పక్కర్లేదు. ఎప్పుడు కారు అమ్మినా నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ఇచ్చే తగ్గింపు) సర్టిఫికెట్ ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర రాయించుకోండి. అది బండిది కాదు, మీది, కొత్త పాలసీలో సొంత డ్యామేజీ ప్రీమియం మీద 50 శాతం దాకా తగ్గుతుంది. ఎక్స్ఛేంజి కాగితాల మీద సంతకాలు పెట్టే హడావిడిలో చాలామంది దాన్ని అక్కడే వదిలేసి వస్తున్నారు.