విజువల్ స్టూడియోలో రాసిన సీ++ ప్రోగ్రామ్‌ను లినక్స్‌కి కంపైల్ చేయొచ్చా?

చేయొచ్చు. 2017 వెర్షన్ నుంచి ఆ సౌకర్యం ఉంది. అయితే విజువల్ స్టూడియోతో వచ్చే మైక్రోసాఫ్ట్ కంపైలర్ లినక్స్ బైనరీని (లినక్స్‌లో నడిచే ప్రోగ్రామ్ ఫైల్‌ని) తయారుచేయదు. విజువల్ స్టూడియో మీ సోర్స్ ఫైళ్లను ఎస్ఎస్‌హెచ్ (వేరే మెషీన్‌కి భద్రంగా కనెక్ట్ అయ్యే పద్ధతి) ద్వారా లినక్స్ మెషీన్‌కి పంపి, అక్కడి జీసీసీ కంపైలర్‌తోనో క్లాంగ్ కంపైలర్‌తోనో బిల్డ్ చేయిస్తుంది. వేరే మెషీన్ లేకపోతే డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపలే లినక్స్‌ని నడిపే సౌకర్యం) చాలు, 2019 వెర్షన్ 16.1 నుంచి దానికి ఎస్ఎస్‌హెచ్ కూడా అక్కర్లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఇదే సులువు.

ముందు ఇన్‌స్టాలర్‌లో లినక్స్ సీ++ వర్క్‌లోడ్ (ఆ పనికి కావాల్సిన టూల్స్ కట్ట) టిక్ పెట్టండి. ఉబుంటు (ఒక లినక్స్ రకం)లో జీ++, జీడీబీ, మేక్, ఆర్‌సింక్, జిప్ అనే టూల్స్ ఉండాలి. చివరి రెండూ ఫైళ్ల కాపీకి కావాలి. చాలామంది మర్చిపోయేది వీటినే. వేరే మెషీన్ అయితే ఓపెన్ ఎస్ఎస్‌హెచ్ సర్వర్ కూడా వేసి, ఆప్షన్స్‌లోని కనెక్షన్ మేనేజర్‌లో దాని వివరాలివ్వండి. పోర్ట్ మామూలుగా 22.

కోడ్‌లో మొదట తగిలే ఎర్రర్ హెడర్ ఫైల్ దొరకలేదని. లినక్స్‌కి పెద్దక్షరాలు, చిన్నక్షరాలు వేరు కాబట్టి ఇన్‌క్లూడ్ లైన్‌లో పేరు అచ్చంగా ఫైల్ పేరులాగే ఉండాలి. దీనికన్నా ప్రమాదం 'లాంగ్' టైపు: 64 బిట్ విండోస్‌లో 4 బైట్లు, లినక్స్‌లో 8. కంపైల్ బాగానే అవుతుంది, విండోస్‌లో రాసిన బైనరీ డేటా ఫైల్‌ని లినక్స్‌లో చదివితే మాత్రం లెక్కలు తప్పుతాయి. అలాంటిచోట సైజు ఖాయంగా ఉండే 32, 64 బిట్ ఇంటిజర్ టైపులే వాడండి.