అది క్వీన్ బీ కాదండీ, క్వీన్ వాస్ప్

మీరు పెట్టిన పాత విమానం ఫోటో, రేడియోతో నడిపే టార్గెట్ విమానం క్వీన్ బీదేనా అని అడిగారు కదా, కాదండీ, ముక్కు చూడండి. క్వీన్ బీకి టైగర్ మాత్ అనే శిక్షణ విమానంలో లాగే సన్నటి ముక్కులో వరుస సిలిండర్ల జిప్సీ మేజర్ ఇంజిన్ ఉంటుంది, పైలట్ సీట్లకు పైకప్పు ఉండదు. మీ ఫోటోలో ముక్కు గుండ్రంగా ఉంది, అది సిలిండర్లు చక్రంలా చుట్టూ అమర్చిన చీటా రేడియల్ ఇంజిన్, పైగా అద్దాలు మూసిన క్యాబిన్, చివరికి వచ్చేసరికి బాగా సన్నబడిపోయే రెక్కలు. ఇది ఎయిర్‌స్పీడ్ కంపెనీ వాళ్ల క్వీన్ వాస్ప్, 1937 జూన్‌లో మొదటిసారి ఎగిరింది. బ్రిటిష్ గన్నర్ల ప్రాక్టీస్ కోసం రేడియోతో నడిపే టార్గెట్ విమానమే అయినా, అవసరమైతే మనిషి కూర్చుని నడపడానికే ఆ క్యాబిన్. ఇంజిన్ శక్తి చాలక, నీళ్లమీద దిగేలా ఫ్లోట్లు పెడితే అక్కడ సరిగా నడవక భారీ ఉత్పత్తి దాకా రాలేదు, నాకైతే ఇంత అందమైన విమానం అలా ఆగిపోవడం ఇప్పటికీ బాధే. దీని చిన్న మోడల్ కట్టాలనుకుంటే టైగర్ మాత్ కిట్ మాత్రం కొనకండి, రెక్కలు అస్సలు కుదరవు.